బింబంలో ఎల్లంకుంట

ఆ గదిలో బల్లలూ కుర్చీలూ ఉండవు. నడుమ ఒక పెద్ద నల్లటి అరుగు, దాని మీద వెలుతురుతో పరుచుకున్న ఒక మండలం. నీలంగా కదిలే వాగు, చెరువులు, తాటివనాలు, పత్తిచేలు, ఊళ్లు. ఊళ్లలో ఒక్కో ఇల్లు ఆవగింజంత వెలుగుచుక్క. ఆ రోజు విద్యార్థులు అరుగు చుట్టూ నిలబడి పరీక్ష రాస్తున్నారు. రాయడమంటే కాగితం మీద కాదు, ఆ మండలం మీదనే.

"ఒక్క ప్రాణిని తీసుకోండి," అంది ప్రొఫెసర్ సువర్ణ. "దాన్ని కదిలించండి. మనుషుల ఆరోగ్యం ఏమైతదో చూడండి. ఏమైందో చెప్తే సగం మార్కులే. ఎందుకైందో చెప్తేనే మిగతా సగం."

సువర్ణ పశువైద్యం చదివి అంటువ్యాధుల పరిశోధనలోకి వచ్చిన మనిషి. వైద్య విద్యార్థులనూ జీవశాస్త్రం విద్యార్థులనూ ఒకే గదిలో కూచోబెట్టి, చుట్టూ ఉన్న ప్రాణులకూ మనిషి ఆరోగ్యానికీ ఉన్న ముడిని పాఠంగా చెప్పాలని ఆ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి కొట్లాడింది. చివరికి పాఠం వచ్చింది గానీ మెడికోలు దానికి 'చెట్టూపుట్టా పేపర్' అని పేరు పెట్టారు. పరీక్ష ముందర ఒకసారి తిరగేసి, పరీక్ష అవగానే మరిచిపోయేవాళ్లు. అప్పుడు కంప్యూటర్ విభాగం నుంచి ఇలియాస్ ఆమెకు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి అరుగు మీది ఈ వెలుతురు మండలాన్ని తయారుచేసి, బింబం అని పేరు పెట్టారు. మండలంలో చెట్లకు కట్టిన, బావుల్లో దించిన, పశువుల చెవులకు తగిలించిన చిన్న చిన్న పరికరాల నుంచి, ఆరోగ్య కేంద్రంలో నమోదయ్యే జ్వరాల నుంచి కబుర్లు క్షణక్షణం ఆ అరుగు మీదికి వచ్చి చేరేవి. ఈ రోజు ఎలా ఉందో చూపించడమే కాదు, ఒక మీట తిప్పితే బింబం ముందుకు కూడా పరుగెత్తేది. రేపటికి, వచ్చే నెలకు, వచ్చే వానాకాలానికి.

మొదట వచ్చిన కుర్రాడు కప్పలను తుడిచేశాడు. ఇలియాస్ మీట తిప్పగానే వానలు పడ్డాయి, గుంతల మీద దోమలు పొగలా లేచాయి. మూడు ఊళ్లలో పచ్చగా వెలుగుతున్న ఇళ్లు ఒక్కటొక్కటే పసుపు రంగుకు తిరిగాయి. పసుపంటే జ్వరం. కుర్రాడు కారణం చెప్పి పక్కకు జరిగాడు.

తర్వాత గోపగాని నవత వచ్చింది. మెడిసిన్ రెండో ఏడు. సన్నటి పిల్ల, మాట మెల్లగా ఉంటుంది. ఆమెది ఆ మండలంలోనే ఎల్లంకుంట. తండ్రి సాంబయ్య తాళ్లెక్కి కల్లు గీస్తాడు. ఊరి అంచున వాగు ఒడ్డు మీద తెల్లమద్ది చెట్ల గుంపు ఒకటుంది. పగలంతా ఆ కొమ్మలకు వేలాది గబ్బిలాలు నల్లటి సంచుల్లా వేలాడుతుంటాయి.

"గబ్బిలాలను తీసుకుంట మేడం," అంది నవత. "కానీ తుడిచెయ్య. అట్ల ఎవ్వరు చెయ్యలేరు కదా. మా ఊరోళ్లు చేసేటట్టే చేస్త. పొగ పెడ్త, పటాకులు కాలుస్త."

సువర్ణకు ఆ జవాబు నచ్చింది. "కానివ్వు," అంది.

అరుగు మీద గబ్బిలాల గుంపు లేచింది. ఒక్క గుంపుగా పోలేదు. చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి తాటివనాల మీద, ఈతచెట్ల మీద వాలింది. మీట తిరుగుతుంటే రోజులు దొర్లాయి. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఎల్లంకుంట గౌడవాడలో ఒక చుక్క పసుపై, వెంటనే ఎర్రబడింది. ఎరుపంటే ప్రాణం మీదికి వచ్చిన జ్వరం. పక్కన ఇంకొకటి. ఆ సందులో మరొకటి.

"ఇంకోటి! అగో, ఇంకోటి!" అన్నాడు ఎవరో క్రికెట్ చూస్తున్నట్టు.

వాగు దిక్కు మలుపులో ఉన్న చివరి ఇల్లు ఎర్రబడినప్పుడు నవత అరుగు అంచును రెండు చేతులతో పట్టుకుంది.

"అది మా ఇల్లు," అంది.

ఇలియాస్ మీటను ఆపాడు. సువర్ణ ఒక్క క్షణం తటపటాయించి, "ఎందుకైందో చెప్పు నవతా," అంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమోనని ఆమెకు చాలాసార్లు తర్వాత అనిపించింది.

నవత చెప్పింది. గబ్బిలాల ఒంట్లో ఒక వైరస్ ఉంటుంది, వాటికి అది హాని చెయ్యదు. కడుపునిండా తిని, నెమ్మదిగా ఉన్నంతకాలం ఆ వైరస్ కూడా అణిగే ఉంటుంది. బెదిరిపోయి, ఆకలితో, గూడు లేక తిరిగినప్పుడు అది పెరిగి వాటి ఎంగిలిలో, మూత్రంలో బయటికొస్తుంది. తాటిచెట్లకు కట్టిన లొట్టిలలో, అంటే కల్లు కుండల్లో, అవి మూతి పెడతాయి. పొద్దున్నే దింపిన పచ్చి కల్లును మనుషులు తాగుతారు. ఆ జ్వరం మెదడుకు ఎక్కుతుంది.

"అందుకని వాటిని కదిలియ్యొద్దు మేడం. అంతే," అని ముగించింది.

సువర్ణ పూర్తి మార్కులు వేసింది.

*

తమ జవాబును ఫోనులో తీసుకోవడానికి విద్యార్థులకు అనుమతి ఉండేది. నవత హాస్టల్‌కు పోయి, ఆ వీడియోను తండ్రికి పంపి, వెనకే మాట కూడా పంపింది. "బాపూ, ఇది చూడు. మద్దిచెట్ల కాడ గబ్బిలాలను ఎవ్వరు ఏమనకుండ చూసుకోండ్రి. అట్లనే లొట్టిలకు మూతలు కట్టున్రి."

సాంబయ్య దాన్ని కల్లు మండువలో, తాగడానికి చేరిన నలుగురికి చూపించాడు. బిడ్డ డాక్టరు చదువుతోందని గర్వం కూడా కొంత ఉంది అందులో. మండువలో గోల, ఫోను మాట వినపడలేదు. గబ్బిలాలు లేవడం, ఇళ్లు ఎర్రబడడం మాత్రం కనపడింది. ఎవడో ఆ ఎర్రటి ముక్కను మాత్రం కత్తిరించి, 'మన ఊరికి గబ్బిలాల గండం, యూనివర్సిటీ డాక్టర్ల హెచ్చరిక' అని రాసి పంపాడు. అది ఊరంతా తిరిగింది. పక్క ఊళ్లకు పోయింది. ఆ వారమే వేరే రాష్ట్రంలో ఎక్కడో ఇలాంటి జ్వరమే వచ్చిందని టీవీలో చెప్పారు.

"బిడ్డా, ఊరంత ఒక్కటైంది," అన్నాడు సాంబయ్య ఫోనులో. "ఆదివారం గబ్బిలాలను ఎల్లగొడ్తరట."

"నేను వద్దనే కదా బాపూ పంపింది!"

"నువ్వు వద్దన్నది ఎవ్వరు వినలే. ఎర్రగైన ఇండ్లు చూసిన్రు. గంతే."

నవత పరుగున సువర్ణ గదికి పోయింది. జరిగింది చెప్పింది. "నేను పంపకపోతే అయిపోయేది మేడం. వాళ్లు వాటి దిక్కు చూసేటోళ్లే కాదు."

"పాఠం నేను చెప్పిన. బింబం మేమిద్దరం చేసినం. నువ్వొక్కదానివే ఎట్లైతవ్?" అంది సువర్ణ. అని, ఇలియాస్‌కు ఫోన్ చేసింది.

*

వాళ్లు ముగ్గురూ ఎల్లంకుంట చేరేసరికి పంచాయతీ ముందర జనం మూగి ఉన్నారు. తడిగడ్డి మోపులు, పటాకుల పెట్టెలు ఒక ట్రాలీలో సిద్ధంగా ఉన్నాయి. సర్పంచ్ సమ్మిరెడ్డి నెమ్మదస్తుడు. కుర్చీలు వేయించి, నీళ్లిప్పించి, అందరినీ కూర్చోబెట్టాడు.

సువర్ణ లేచి నిలబడి చెప్పింది. క్లాసులో చెప్పినంత తేలికగా మాట రాలేదు. వాటిని చెట్ల మీద ఉండనిస్తే అవి అడవికి పోయి మేసి వస్తాయని, ఊరి జోలికి రావని, బెదిరిస్తేనే రోగం బయటపడుతుందని చెప్పింది. వీడియోలో ఎర్రబడిన ఇళ్లు గబ్బిలాల వల్ల కాదు, పొగ పెట్టడం వల్ల ఎర్రబడ్డాయని రెండుసార్లు చెప్పింది.

"మేడం, ఒక్కమాట అడుగుత," అన్నాడు సమ్మిరెడ్డి. "సూటిగ చెప్పున్రి. మేం వాటిని ముట్టుకోకుండ ఇడిసిపెడితే మా ఊరికి ఆ రోగం రానే రాదని మాటిస్తరా?"

ఇలియాస్ సువర్ణ వైపు చూశాడు. ఇవ్వండి అన్నట్టుంది ఆ చూపు.

"రానే రాదని చెప్పలేను," అంది సువర్ణ. "వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ. ఇన్నేండ్లు రాలే కదా. ఎల్లగొడితే మాత్రం అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతది."

"అంటే ఉంచినా రావొచ్చు, ఎల్లగొట్టినా రావొచ్చు," అన్నాడు వెనక నుంచి ఒక మనిషి. "మరి ఉంచుడెందుకు?"

"మా పిల్లల మీద మీరు పరీక్షలు పెట్టుకుంటున్రా? మా ఇండ్లను ఎర్రగ జేసి మార్కులేసుకున్రట!" అంది ఒక ఆడమనిషి.

నవత ముందుకొచ్చి, "అత్తా, అట్ల కాదు..." అంటుండగానే వాగు దిక్కు నుంచి మొదటి పటాకు పేలింది. ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా కొందరు పడుచువాళ్లు ముందే పోయారు. ఆ తర్వాత ఆగకుండా పేలాయి. తెల్లమద్ది చెట్ల మీద నుంచి ఆకాశం ఒక్కసారి నల్లబడింది. ఆ పగటి ఎండలో గబ్బిలాలు ఎటుపోవాలో తెలియక ఊరి మీద గుండ్రంగా తిరిగాయి. తల్లుల పొట్టలకు పిల్లలు కరుచుకుని ఉండడం కిందినుంచి కూడా కనబడింది. కొన్ని పిల్లలు జారి చేలల్లో పడ్డాయి. గుంపు ముక్కలైంది. ఒక ముక్క గుట్టల వైపు, ఒక ముక్క తాటివనం వైపు, మరొకటి ఊరి వెనకకు పోయాయి.

సమ్మిరెడ్డి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "అయిపోయింది మేడం. ఇప్పుడు ఏం చెయ్యాల్నో అది చెప్పున్రి," అన్నాడు.

*

ఆ రోజు నుంచి బింబం పరీక్షల కోసం కాక నిజం కోసం నడిచింది. సువర్ణ, ఇలియాస్ పొద్దున్నే గదికి పోయి, చెట్ల మీది పరికరాలు రాత్రంతా పంపిన కబుర్లను చూసి, బింబాన్ని ముందుకు నడిపేవాళ్లు. నవత పరీక్షలో చూపించినట్టే గౌడవాడ ఎర్రబడుతోంది. ఒకటి రెండు ఇళ్లు అటూ ఇటూ, అంతే.

నవత సెలవు పెట్టి ఊరికి పోయింది. గీత కార్మికులను కూడగట్టింది. సాంబయ్య ముందుగా తన చెట్లకు చేసి చూపించాడు. ఈతచాపను గొడుగులా అల్లి, గీత పెట్టిన చోటునూ లొట్టినీ కలిపి కప్పేస్తే గబ్బిలం మూతికి ఏమీ అందదు. మిగతావాళ్లు మొదట గొణిగారు. కానీ తమ ఇల్లు ఎర్రగా ఉందని ఎవరికి వాళ్లకు తెలుసు. నాలుగు దిక్కులా చాపలు అల్లడం మొదలైంది. కల్లును కాచి తప్ప పచ్చిది తాగొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు.

బింబంలో గౌడవాడ ఎరుపు తగ్గుతూ వచ్చింది. ఇలియాస్ ప్రతిరోజూ దాని చిత్రాన్ని నవతకు పంపేవాడు, ఆమె ఊరికి చూపించేది. ఊరు దానికి అలవాటుపడింది. పొద్దున్నే "మనది ఏం రంగున్నది బిడ్డా?" అని అడగడం మామూలైంది. ఎర్రగా ఉన్నవాళ్లు భయంగా, జాగ్రత్తగా ఉన్నారు. పచ్చగా ఉన్నవాళ్లు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయారు.

ఊరి మొదట్లో, రోడ్డు పక్కన నవత పెద్దమ్మ కొమురమ్మ ఇల్లు. పెద్దమ్మకు పిల్లలు లేరు, పెనిమిటి పోయాడు. బడి ఆ ఇంటి దగ్గరే కనక నవత పదో తరగతి దాకా అక్కడే పెరిగింది. ఇంటర్ చదివేటప్పుడు సెలవులకు వచ్చినా ఆ ఇంటి అరుగు మీదే పుస్తకాలు పెట్టుకునేది. ఆ మధ్యాహ్నం చాపల పని నుంచి అలిసిపోయి అక్కడికి పోయింది.

"ఎండల తిరిగి తిరిగి నల్లగైనవ్. రా, కూసో," అంది కొమురమ్మ. ఒక గంప జామపండ్లు ముందర పెట్టింది. "మన పెరట్లయే. ఈసారి చిలకలు మస్తుగ వాల్తున్నయ్. చూడు, సగం పండ్లు కొరికినయే. చిలక కొరికింది తియ్యగుంటదని నువ్వు చిన్నప్పుడు ఏరుకొని తినేదానివి."

నవత ఫోనులో ఆ రోజు వచ్చిన చిత్రాన్ని చూస్తోంది. గౌడవాడలో ఇంకా ఎర్రగా ఉన్న ఇళ్ల మీదే ఉంది ఆమె మనసంతా.

"ఇప్పుడు తినబుద్ధి అయితలేదు పెద్దమ్మా."

"మరి మా ఇల్లు ఎట్లున్నదే? నాకు జర చూపియ్యి."

నవత వేళ్లతో చిత్రాన్ని పెద్దది చేసి, రోడ్డు పక్కన చుక్కను చూపించింది. "ఇగో. పచ్చగనే ఉన్నది. నీకు కల్లు అలవాటే లేకపాయె. నీకేం భయం లేదు."

"గట్లనా," అని కొమురమ్మ నవ్వి, ఒక పండును కొరికిన మేర కత్తితో కోసేసి, మిగిలింది తిన్నది.

*

గౌడవాడ మొత్తం పచ్చబడింది. ఒక్క మనిషికీ జ్వరం రాలేదు. ఉపకులపతి స్వయంగా బింబం గదికి వచ్చి, సువర్ణను, ఇలియాస్‌ను అభినందించాడు. పత్రికల వాళ్లు వచ్చారు. అన్ని యూనివర్సిటీల్లో ఇలాంటి గది కట్టించాలని పైనుంచి ఆలోచన మొదలైంది. ఇలియాస్ చాన్నాళ్ల తర్వాత ఇంట్లోవాళ్లను తీసుకుని బయట భోజనానికి పోయాడు. నవత కూడా హాస్టల్‌కు తిరిగొచ్చి, పోయిన క్లాసుల నోట్సు రాసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు సాంబయ్య ఫోన్ చేశాడు. కొమురమ్మకు జ్వరం. తలనొప్పి అని పడుకుంది, ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టడం లేదు.

ఆమెను యూనివర్సిటీ ఆసుపత్రికే తెచ్చారు. వేరే గదిలో పెట్టారు. నవతను అద్దం ఇవతలే ఉంచారు. లోపల కొమురమ్మ చెయ్యి దుప్పటి మీద ఏదో ఏరుతున్నట్టు కదులుతోంది. ముసుగు వేసుకున్న డాక్టర్ బయటికొచ్చి, "కల్లు తాగే అలవాటు ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్."

"మరి ఈ మధ్య కొత్తగా ఏమన్నా తిన్నదా? గబ్బిలాలు తాకినవి ఏమన్నా?"

నవత గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. సువర్ణ వచ్చి పక్కన కూర్చుని భుజం పట్టుకుంటే, "జామపండ్లు మేడం," అంది. "చిలకలు కొరికినయని చెప్పింది. నేను గంపల చూసిన. చూసి గూడ..."

కొమురమ్మ మళ్లీ తెలివిలోకి రాలేదు. ఆమెను ఊరికి పంపలేదు. దూరంగా, ప్లాస్టిక్‌లో చుట్టి, ముసుగులు వేసుకున్న నలుగురు దహనం చేశారు. నవతనూ తండ్రినీ ఊళ్లో కొందరినీ కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచి చూశారు. ఇంకెవరికీ రాలేదు.

ఆ రోజుల్లో ఇలియాస్ బింబాన్ని వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ చూశాడు. ఎక్కడ తప్పిందో దొరికాక సువర్ణను పిలిచాడు.

"మనం లొట్టిలు కప్పేసినం కదా. కప్పేస్తే అవి గుట్టల మీది మేడిచెట్లకు పోతయని బింబం చూపించింది. నిజంగ అవి పోలే. ఊరి వెనక పెరళ్లల్లకు వచ్చినయ్," అన్నాడు.

"బింబంలో ఎందుకు కనపడలే?"

"పెరళ్లు బింబంలో లేవు మేడం. మనుషుల ఇండ్లల్లకు తొంగి చూడొద్దని మొదలే అనుకున్నం కదా. చెట్టుకు పరికరం కట్టాలంటే అది పొలంలోదో అడవిదో అయ్యుండాలె. ఆమె పెరట్ల జామచెట్టు ఉన్నట్టే దానికి తెల్వదు."

సువర్ణ అరుగు మీదికి వంగి చూసింది. రోడ్డు పక్కన ఆ చుక్క ఇప్పటికీ పచ్చగానే వెలుగుతోంది. మనిషి పోయిన సంగతి కూడా ఎవరో చెబితే తప్ప దానికి తెలియదు.

"తెల్వనప్పుడు తెల్వదని చూపించాల్సింది," అంది. "మనం పచ్చగ చూపించినం. ఎర్రగ చూపించినోళ్లంత బతికిన్రు సాబ్. పచ్చగున్నామె పోయింది."

ఇలియాస్ తల దించుకున్నాడు. "గౌడవాడ మొత్తం బతికింది కదా మేడం. అది లెక్కకు రాదా?"

"వస్తది. అది కూడ వస్తది," అంది సువర్ణ. కానీ ఆమె గొంతులో ఊరట లేదు.

*

ఉపకులపతి సమావేశం పెట్టాడు. పెద్దలు వచ్చారు. బింబం ఒక ఊరిని కాపాడిందని, దీన్ని వైద్య విద్యలో తప్పనిసరి చెయ్యాలని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. సువర్ణ వంతు వచ్చినప్పుడు, ఇళ్లకు రంగులు చూపించడం ఆపేద్దామని అడిగింది.

"తోవ చూపియ్యాలె గానీ తీర్పు చూపియ్యొద్దు సార్. మా పిల్లలు బింబం చూసి నేర్చుకున్నరు, కానీ గంపలో కొరికిన పండు కనపడితే దాన్ని చూడలేకపోయిన్రు. మొదట ఊళ్లల్లకు పంపుదాం. ఏ చెట్టు ఎక్కడుంది, ఎవరు ఏం తింటరు, ఏ నీళ్లు తాగుతరు, అవి చూసొచ్చినంక ఈ గదిలోకి రానిద్దాం."

"ఊళ్లకు పంపడం బాగానే ఉంది, అదనంగా పెట్టండి," అన్నాడు ఉపకులపతి. "రంగులు తీసేస్తే ఇంక చూడ్డానికి ఏముంటదమ్మా? అందరు వచ్చేది దాన్ని చూడ్డానికే కదా."

మర్నాడు సువర్ణ, ఇలియాస్ కలిసి ఇళ్ల చుక్కలన్నీ ఆర్పేశారు. వాగులు, చెట్లు, చేలు మాత్రమే మిగిలాయి. ఇలియాస్ చివరి మీట నొక్కే ముందు కాసేపు చెయ్యి దాని మీదే పెట్టుకుని నిలబడ్డాడు. ఆ సంగతి తెలిసిన ఉపకులపతి కోప్పడి గదికి తాళం వేయించాడు. విచారణ అయ్యేదాకా ఆ పాఠం కూడా ఆగిపోయింది. సువర్ణ ఏళ్లపాటు కొట్లాడి తెచ్చుకున్న పాఠం మళ్లీ టైంటేబుల్లో ఖాళీ గడిగా మారింది.

నవత కాలేజీకి రావడం మానేసింది. సాంబయ్యే ఒకసారి సువర్ణ దగ్గరికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పొల్ల మాట్లాడ్తలేదు మేడం. పెద్దమ్మ ఇంటి ముందర కూసుంటది. ఆ జామచెట్టు కొట్టేద్దామని గొడ్డలి దీసుకపోతే అడ్డం వడ్డది. చెట్టేం జేసిందని అడిగింది. అదొక్కటే మాట్లాడింది. మీరు రమ్మంటె వస్తదేమో. డాక్టరైనా కాకున్నా మంచిదే. మనుషుల్లకు వస్తె చాలు."

సువర్ణకు ఏం చెప్పి పిలవాలో తెలియలేదు. పిలవకుండానే కొన్నాళ్లు గడిచాయి.

తొలకరి పడిన తర్వాత ఒక ఫోన్ వచ్చింది. పక్క జిల్లాలో ఒక ఆడపిల్లల గురుకులం. ప్రిన్సిపాల్ పేరు స్వరూపరాణి. బడి ఆవరణలో నీలగిరి చెట్ల నిండా ఎక్కడి నుంచో గబ్బిలాలు వచ్చి పడ్డాయని, తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారని, పటాకులు తెప్పించామని చెప్పింది. "మీ పేరు పేపర్ల చూసిన మేడం. మా ఊరిది మీ మిషన్ల చూసి చెప్తరా?"

ఆ జిల్లా బింబంలో లేదు. ఉన్నా, గదికి తాళం ఉంది.

సువర్ణ ఎల్లంకుంటకు పోయింది. నవత పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఉంది. సువర్ణ పక్కన కూర్చుని, ఫోన్ సంగతి చెప్పి, "నేను చెప్తే విననట్టే చేస్తరు. మొన్న నువ్వే చూసినవ్. నాతోని వస్తవా?" అంది.

"నేను చెప్తె వింటరా మేడం? నేను చెప్పే కదా..." నవత మాట మధ్యలో ఆపేసింది.

"తెల్వదు. నాకు తెల్వదు నవతా."

నవత లేచి లోపలికి పోయి, మొహం కడుక్కుని, చెప్పులు వేసుకుని వచ్చింది.

గురుకులం గేటు దగ్గర తల్లిదండ్రులు, టీచర్లు, వరండా నిండా ఆడపిల్లలు. వాచ్‌మన్ చేతిలో పటాకుల పెట్టె. చెట్ల మీద గబ్బిలాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వేలాడుతున్నాయి. ఎల్లంకుంటలో ఉన్నన్ని లేవు, చిక్కిపోయి ఉన్నాయి.

సువర్ణ మాట్లాడబోయి, నవత వైపు చూసి ఆగింది.

"నా పేరు నవత," అంది ఆ పిల్ల. "మా పెద్దమ్మ పేరు కొమురమ్మ. ఈ గబ్బిలాలను ఎల్లగొట్టింది మా ఊరే." మెల్లగా మొదలుపెట్టి, దాచకుండా అన్నీ చెప్పింది. పరీక్ష, వీడియో, పొగ, చాపలు, పచ్చటి చుక్క, గంపలోని జామపండ్లు. ఎక్కడా గొంతు పెంచలేదు. ఏడవలేదు. ముందు వరసలో ఒక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి వీటిని ఉండనిస్తే మా పిల్లలకు ఏం కాదు కదా?" అంది స్వరూపరాణి.

"ఏం కాదని చెప్పలేను మేడం. నేను ఒకసారి అట్ల చెప్పిన," అంది నవత. "ఏం చేస్తె తక్కువైతదో చెప్త. రోజూ మీరే చూసుకోవాలె. నేను గూడ వచ్చి చూస్త."

స్వరూపరాణి చెట్లవైపు, వరండాలో పిల్లలవైపు చూసింది. తర్వాత వాచ్‌మన్‌తో, "పెట్టె ఆఫీసుల పెట్టి తాళమెయ్యి," అంది.

"పారెయ్యాల్నా మేడం?"

"పారెయ్యకు. ఇయ్యాల్టికైతే వద్దు."

తల్లిదండ్రుల్లో కొందరు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. కొందరు అక్కడే ఉన్నారు. నవత పిల్లల దగ్గరికి పోయి, "మీరు నీళ్లు తాగేది ఎక్కడ?" అని అడిగింది. వాళ్లు చూపించారు. చెట్ల కిందనే సిమెంటు తొట్టి, మూత లేదు. నీళ్ల మీద ఆకులు, నల్లటి రెట్టలు తేలుతున్నాయి. పక్క గోడకు పాత రేకులు ఆనించి ఉన్నాయి.

ముందు ఆ నీళ్లు వదిలేయించి, బ్లీచింగ్ వేసి కడిగించారు. తర్వాత పెద్ద పిల్లలు ఇద్దరు, సువర్ణ, నవత కలిసి ఒక రేకును ఎత్తి మెల్లగా తెచ్చి తొట్టి మీద దించారు. ఎంత మెల్లగా దించినా అంచు సిమెంటుకు తగిలి మోగింది. పైన కొమ్మల్లో కొన్ని గబ్బిలాలు ఉలిక్కిపడి రెక్కలు విప్పాయి. కింద అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒక పిల్ల భయంతో నవత చెయ్యి పట్టుకుంది. నవత తలెత్తి చూస్తూ, ఆ చేతిని గట్టిగా పట్టుకుని, కదలకుండా నిలబడింది.

కాసేపటికి అవి మళ్లీ రెక్కలు ముడుచుకున్నాయి.